అమ్మమ్మ ‘నవ్వించేది’ అంటే అగౌరవమా?

సందేహం: మా అమ్మమ్మ సంవత్సరీకానికి ఇంట్లోవాళ్లమంతా తలా ఒక పేజీ రాసి చిన్న పుస్తకం వేస్తున్నాం. నేను ‘అమ్మమ్మ అందర్నీ నవ్వించేది, మాతో కూర్చొని పత్తాలాడేది, ఓడిపోతున్నట్టు తెలియగానే ముక్కలన్నీ కలిపేసి “ఎవలు సూసిండ్రు, నేనే గెలిసిన” అనేది’ అని రాశాను. మా పెద్ద మామ దాన్ని ‘నవ్వించేవారు, ఆడేవారు, “ఎవరు చూశారు, నేనే గెలిచాను” అనేవారు’ అని దిద్దారు. పోయిన పెద్దవాళ్ల గురించి ‘ది’ పెట్టి రాయడం మర్యాద కాదంటున్నారు. ఏది సరైంది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీరు రాసిందే ఉంచండి. మీ మామ మాటలో తల్లి మీద ప్రేమ ఉంది, ఆయన మీద కోపం తెచ్చుకోకండి, కానీ ఆ దిద్దుబాటు అక్కర్లేదు.

తెలుగులో అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. అన్నిటికీ ఒకటే ‘ది’. అందుకే చాలామందికి ఆవుకు పెట్టేది అమ్మకెలా పెడతాం అని అనుమానం వస్తుంది. బహువచనంలోకి రాగానే ఆడవాళ్లు మగవాళ్లతో కలుస్తారు, ఆవులు విడిపోతాయి: అమ్మలు వచ్చారు, ఆవులు వచ్చాయి. ఇది భాష కట్టుబాటు, 1858లో అచ్చయిన చిన్నయసూరి బాలవ్యాకరణంలోనూ ఉన్నదే. (ఆదిలాబాద్ వైపు వినిపించే గోండీలోనైతే ఆడవాళ్లు బహువచనంలో కూడా మగవాళ్లతో కలవరు.) ఇందులో గౌరవం తక్కువైందీ లేదు, ఎక్కువైందీ లేదు. మేడారం జాతరలో చిలకలగుట్ట నుంచి సమ్మక్కను గద్దె మీదికి తెచ్చినప్పుడు జనమంతా ‘తల్లి వచ్చింది’ అనే దండం పెడతారు, అంతకన్నా భక్తి ఎక్కడుంది చెప్పండి! భద్రకాళి గుడిలో ‘అమ్మవారు దర్శనమిచ్చారు’ అంటామంటే అక్కడ పేరులోనే ‘వారు’ ఉంది కాబట్టి.

మరి మర్యాద ఎక్కడ తెలుస్తుందంటే, మనం ఆ మనిషిని ఎదురుగా ఏమని పిలిచామో అందులో. అమ్మమ్మను మీరు బతికున్నన్నాళ్లూ ‘నువ్వు తిన్నవా’ అనే అడిగి ఉంటారు. ఇప్పుడు ‘వారు’ చేస్తే ఆమె మీ ఇంటికి చుట్టంగా వచ్చినట్టవుతుంది. మీ మామ గురించి మాత్రం మీరే ‘దిద్దారు’ అని రాశారు, ఆయన్ని ‘మీరు’ అంటారు కాబట్టి చేతికి అలా వచ్చింది, అదీ సరైందే. పుస్తకంలో ఆమె కోడళ్లు కూడా రాస్తుంటే, అత్తమ్మను ‘మీరు’ అని పిలిచినవాళ్లు ‘చెప్పేవారు’ అని రాసుకోనివ్వండి, అందరి పేజీలూ ఒక్క తీరుగా ఉండాలని లేదు. ఒక్కరి పేజీలో మాత్రం కలగలపొద్దు, ‘అమ్మమ్మగారు వచ్చింది’ అన్నది ఎటూ కాకుండా పోతుంది.

ఇక ఆ పత్తాలాట మాట. నా మటుకు నాకు ఈ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైంది అదే. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది ఆమె సొత్తు, దాన్ని దిద్దే హక్కు మీకూ లేదు, మీ మామకూ లేదు, నాకూ లేదు. ‘ఎవరు చూశారు’ అని ఎవరైనా అంటారు. ‘ఎవలు సూసిండ్రు’లో ‘సూ’ని ‘చూ’ చేసినా ఆ గొంతు పోతుంది, ముక్కలు కలిపేస్తున్న చెయ్యి కూడా కనపడదు. అచ్చులో వేసేవాళ్లు తప్పనుకొని మార్చకుండా ప్రూఫులో పక్కన గీత గీసి ‘ఇలాగే ఉంచాలి’ అని రాయండి.

‘నవ్వించింది’ అనకుండా ‘నవ్వించేది’ అనడం కూడా బాగుంది. మొదటిది ఏదో ఒక రోజు సంగతి, రెండోది రోజూ ఉండే అలవాటు. వరంగల్ మాటలో ‘నవ్విస్తుండె’ అన్నా అదే అర్థం. మీ ఇంట్లో అదే మాట్లాడితే నిస్సంకోచంగా రాయండి. ఒక ఫలానా రోజు ఏం చేసిందో చెప్పేటప్పుడు మాత్రం ‘ఆ సద్దుల బతుకమ్మ రోజు అందర్నీ ఆటలోకి గుంజుకొచ్చింది’ అని మార్చుకోవాలి.

ఫొటో కింద, ఫ్లెక్సీ మీద ‘స్వర్గస్తులైనారు’ అని వేస్తుంటారు. ‘స్థ’ ఉండాలి, స్వర్గస్థులు. అయితే మీరు ‘ది’తో రాస్తున్నారు కాబట్టి ఫొటో కింద పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం వేసినా చాలు.