విదేశాలకు వెళ్తే అక్కడి ప్రీపెయిడ్ సిమ్ ఎప్పుడు, ఎలా తీసుకోవాలి?

శంషాబాద్‌లో విమానం ఎక్కేముందే కొనాలా, దిగాక తీసుకోవాలా అని అడిగారు. బ్యాంకాక్, సింగపూర్ లాంటి చోట్లకైతే దిగాకే తీసుకోండి, ఎయిర్‌పోర్టులోనే కౌంటర్లు ఉంటాయి. పాస్‌పోర్టు చూపిస్తే వాళ్లే రిజిస్టర్ చేసి, సిమ్ వేసి ఇస్తారు. మన ఆధార్ అక్కడ పనికిరాదు. సింగపూర్‌లో ఒకరి పేరు మీద 3 ప్రీపెయిడ్ సిమ్‌లే ఇస్తారు. నెట్ వస్తోందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.

అసలు టెన్షన్ అంతా ఓటీపీలతోనే. మన సిమ్ తీసి పర్సులో పడేస్తే బ్యాంకు మెసేజీలు రావు. డ్యూయల్ సిమ్ ఫోనైతే దాన్ని అలాగే ఉంచండి. ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించుకుని, ఆ సిమ్‌కి డేటా రోమింగ్ (అంటే అక్కడ మన సిమ్‌తో నెట్ వాడటం) మాత్రం ఆపేయండి. లేదంటే ఛార్జీలు తడిసి మోపెడవుతాయి. వాట్సాప్ నంబరు మార్చాలా అని అడిగితే వద్దనండి, పాత నంబరుతోనే నడుస్తుంది.

అన్నట్టు, అమెరికా నుంచి బావగారు తెచ్చిన ఐఫోన్ 14 వాడుతున్నారా? అక్కడ అమ్మే ఆ మోడల్‌కి సిమ్ ట్రే ఉండదు, ఈ-సిమ్మే (కార్డు లేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కించుకునే సిమ్) గతి. మిగతా ఫోన్లలో *#06# కొట్టండి. ఈఐడీ అని ఒక పొడవాటి నంబరు కనిపిస్తే ఈ-సిమ్ పనిచేస్తుంది. ఈ-సిమ్ ఎక్కించుకోవడానికి నెట్ కావాలి కాబట్టి, ఆ పనేదో ఇంట్లో వైఫై ఉండగానే కానిచ్చేయండి.