పొలాల కింద భూగర్భ గని: బొగ్గు ఎవరిది, పెత్తనం ఎవరిది?

మీ ప్రశ్న ఇది: ఊరి పొలాల కింద సింగరేణి భూగర్భ గని సాగుతోంది. ఒకరు అది కంపెనీది అంటారు, ఒకరు రాష్ట్రానిది అంటారు, ఇంకొకరు కేంద్రానిది అంటారు. అసలు యజమాని ఎవరు, లోపల నడిపించేది ఎవరు, రేపు ప్రైవేటు చేతికి పోతే ఏమి మారుతుంది? నేను గోదావరిఖని ప్రాంతపు భూగర్భ గనుల్లో సర్దారుగా, అంటే షిఫ్టులో పని స్థలం భద్రత చూసేవాడిగా, ఆ తర్వాత సర్దార్ల పై అధికారి అయిన ఓవర్‌మన్‌గా పనిచేసి రిటైరైన వాడిని. తెలిసినంత వరకు చెబుతాను.

సింగరేణి వాటాల్లో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానివి, 49 శాతం కేంద్రానివి. ఇది కేంద్ర ప్రభుత్వ బొగ్గు సంస్థ కోల్ ఇండియాలో భాగం కాదు. 1871లో ఇల్లందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం వాటాలు కొన్నది. అందుకే 1973లో దేశంలోని బొగ్గు గనులను జాతీయం చేసేనాటికి ఇది అప్పటికే సర్కారు కంపెనీ. చాలామంది దీన్నీ ఆ చట్టంతోనే ప్రభుత్వం తీసుకుందనుకుంటారు, అది సరి కాదు.

అయితే కంపెనీ ఎవరిదైనా, నేలలోని బొగ్గు మాత్రం కంపెనీది కాదు. దానికి ఉన్నది లీజు, అంటే తవ్వుకునే హక్కు. అందుకు బదులుగా బొగ్గు ధర మీద 14 శాతం రాయల్టీ రాష్ట్రానికి కడుతుంది. పాత లీజులకైతే ఆ రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము అదనంగా జిల్లా ఖనిజ నిధికి చేరాలి. గని ప్రభావం పడే ఊళ్ల కోసమే ఆ నిధి. మీ పంచాయతీ దాని లెక్క అడగాలి, అడిగే హక్కు ఉంది.

ఇక లోపలి పెత్తనం. నేను పనిచేసిన కాలమంతా మాకు 1952 గనుల చట్టమే దిక్కు. ఆ చట్టం యజమాని, ఏజెంటు (యజమాని ప్రతినిధి), మేనేజరు అని ముగ్గురిని వేరు చేసి చూసేది. యజమాని, ఏజెంటు డబ్బు, సామగ్రి, ఇతర ఏర్పాట్లు సమకూర్చాలి. గనిని నడపవలసింది మాత్రం అర్హత సర్టిఫికెట్టు ఉన్న ఒకే ఒక మేనేజరు. ఆయన కింద అండర్ మేనేజరు, ఓవర్‌మన్, సర్దార్, మందుగుండు పేల్చే షాట్‌ఫైరర్. అత్యవసరమైతే తప్ప, ఎంత పెద్ద అధికారి అయినా మేనేజరును దాటి నేరుగా కిందివారికి ఆజ్ఞలు ఇవ్వకూడదు. ఈ నియమం విలువ తెలియాలంటే ఒక షిఫ్టు చూడాలి.

కార్మికులు పని స్థలానికి చేరకముందే సర్దార్ అక్కడికి వెళ్లాలి. క్యాప్ ల్యాంప్ వెలుగులో పైకప్పును ఇనుప కడ్డీతో తట్టుకుంటూ పోతాడు. గట్టి రాయి ఖణేల్‌మంటుంది. పొర విడిచిన చోట డొల్ల శబ్దం వస్తుంది, కడ్డీ మీద రెండో చెయ్యి ఆనిస్తే అదురు కూడా తెలుస్తుంది. ఆ ముక్కను రాలగొట్టిగానీ, కింద ఆధారం పెట్టిగానీ మనుషులను లోపలికి పంపకూడదు. గాలిలో మీథేన్ అనే మండే వాయువు 1.25 శాతం దాటితే కరెంటు తీసేయాలి. చూసినదంతా పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి, తర్వాతి షిఫ్టు సర్దార్ అది చదివి తానూ సంతకం చేయాలి. ప్రమాదం ఉందని సర్దార్ మనుషులను వెనక్కి తెస్తే, ఆ పూట ఉత్పత్తి ఎంత తగ్గినా సరే, వారిని తిరిగి పంపమనే హక్కు ఎవరికీ లేదు. ఆ సంతకాన్ని నేను ప్రాణంతో సమానంగా చూశాను, ఇప్పుడు పనిలో ఉన్న తమ్ముళ్లూ అలాగే చూడాలని కోరుకుంటాను.

మరి యజమాని ఎవరైతే ఏమిటి అంటారా? తేడా డబ్బు దగ్గర వస్తుంది. పైకప్పును పట్టి ఉంచే రూఫ్ బోల్టులు, ఫ్యాన్లు, పంపులు, తవ్విన చోట నింపే ఇసుక, ఇవన్నీ బొగ్గు రాకముందే పెట్టవలసిన ఖర్చులు. పక్కన పాత తవ్వకాల్లో నీరు నిలిచి ఉంటే 60 మీటర్ల దూరం నుంచే అనుమతి తీసుకుని, ముందుగా రంధ్రాలు వేసి చూసుకుంటూ నడవాలి. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు పోటెత్తి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత నీటి గురించి మాట్లాడేటప్పుడు మాలో ఎవరి గొంతూ మామూలుగా ఉండేది కాదు.

ఈనాడు సింగరేణి బొగ్గులో సింహభాగం ఓపెన్‌కాస్టులదే, అంటే పైనేలంతా తవ్వి తీసి బొగ్గు ఎత్తే గనులదే. భూగర్భ గనిలో టన్ను బొగ్గు తీయడానికి ఖర్చు ఎక్కువ. లాభమే చూసుకునే యజమాని అయితే భూగర్భ గనిని మూసేయాలనో, ఓపెన్‌కాస్టుగా మార్చాలనో చూస్తాడు. ఓపెన్‌కాస్టు అయితే మీ పొలం కింద కాదు, మీ పొలమే పోతుంది. 2020 నుంచి వాణిజ్య తవ్వకానికి బొగ్గు బ్లాకులను కేంద్రం వేలం వేస్తోంది, 2024లో మన శ్రావణపల్లి బ్లాకునూ వేలం జాబితాలో పెట్టింది. గోదావరి లోయ బ్లాకులు సింగరేణికే దక్కాలని నా గట్టి అభిప్రాయం. ప్రభుత్వ కంపెనీలో తప్పులు జరగవని కాదు. అక్కడ అడగడానికి సంఘం ఉంటుంది, శాసనసభ ఉంటుంది.

మీరు వెంటనే చేయవలసిన పని వేరే ఉంది. మీ భూమిని పూర్తిగా సేకరించారా, కింద తవ్వే హక్కు మాత్రమే తీసుకున్నారా కాగితాల్లో చూడండి, రెండూ వీలే. తర్వాత మీ సర్వే నంబరు కింద పైకప్పును మోయడానికి వదిలిన బొగ్గు స్తంభాలు అలాగే ఉన్నాయా, డిపిల్లరింగ్ (ఆ స్తంభాలనూ తవ్వి తీయడం) మొదలైందా అని మేనేజరును లిఖితపూర్వకంగా అడగండి. మొదలైతే, ఖాళీ అయిన చోట ఇసుక నింపుతున్నారా, పైకప్పును కూలనిస్తున్నారా అన్నదే అసలు ప్రశ్న. కూలనిస్తే పైన నేల కుంగవచ్చు, బీటలు పడవచ్చు, బావి నీరు కిందికి దిగవచ్చు. కాబట్టి ఇప్పుడే ఇంటి గోడలు, బోరు నీటి మట్టం తేదీతో సహా ఫోటోలు తీసి పెట్టుకోండి. నష్టపరిహారం అడిగే రోజు వస్తే అవే మీకు ఆధారం.