రోప్‌వే ప్రకటనను నమ్ముకోవద్దు, తాడు పనిని నేర్చుకోనివ్వండి

ప్రశ్న: మాది గోదావరిఖని. నేను సింగరేణిలో పనిచేస్తాను. మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. వారణాసి రోప్‌వే వీడియోలు చూసినప్పటి నుంచి ‘ఇక నగరాల్లో గొండోలాలే వస్తాయి, నేను అందులోకే వెళ్తాను’ అంటున్నాడు. వాళ్ల క్లాసులో సగం మంది కోడింగ్ కోచింగ్‌లో చేరిపోయారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో విదేశంలో అర్బన్ మొబిలిటీ మాస్టర్స్ చేస్తే రోప్‌వే కంపెనీలో ఉద్యోగం ఖాయమనీ, 24 లక్షలు అవుతుందనీ చెప్పారు. అంత డబ్బంటే ఉన్న ఇంటి స్థలం అమ్మాలి. తాడుకు వేలాడే డబ్బాల కోసం జీవితం పాడుచేసుకుంటాడేమోనని భయంగా ఉంది. సాఫ్ట్‌వేర్, మెట్రో, రోప్‌వే మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: ముందు స్థలం మాట. ఈ కోర్సు కోసం దాన్ని అమ్మకండి. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

మీరు అడిగింది పోలిక. ఉత్తరం నిండా ఉన్నది మాత్రం వేరే బెంగ. అందరి పిల్లలూ ఒక దారిన పోతుంటే మా వాడొక్కడే ఎవరికీ తెలియని దారి పట్టి, రేపు ఖాళీగా కూర్చుంటే నలుగురిలో ఏం చెప్పుకోవాలి అన్నది. ఇదే ప్రశ్న మొదట మెట్రో పేరుతో వచ్చేది, తర్వాత డ్రోన్ల పేరుతో వచ్చింది, ఆ తర్వాత ఎలక్ట్రిక్ బండ్ల పేరుతో. ఇప్పుడు గొండోలా. యంత్రాన్ని ఇష్టపడి చెడిపోయిన పిల్లలు తక్కువ. ఆ యంత్రం గురించి వచ్చిన ప్రకటనలను నమ్ముకుని దెబ్బతిన్నవాళ్లే ఎక్కువ. ఈ రెండింటినీ విడదీసి చూస్తే మీ బెంగ సగం తీరుతుంది.

ప్రకటనల సంగతి చూద్దాం. 2022 కేంద్ర బడ్జెట్‌లో రోప్‌వేల కోసం పర్వతమాల పథకం వచ్చింది. వారణాసిలో కాంట్ (కంటోన్మెంట్) రైల్వే స్టేషన్ నుంచి గొదౌలియా దాకా సుమారు 3.75 కిలోమీటర్ల రోప్‌వేకు 2023 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దాన్ని చేపట్టింది హైదరాబాద్‌కు చెందిన విశ్వసముద్ర ఇంజినీరింగ్, స్విట్జర్లాండ్ కంపెనీ బార్తొలెట్ కలిసి. సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కు 12.9 కిలోమీటర్ల లైనుకు 4,081 కోట్ల అంచనాతో 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం అనుమతి ఇచ్చింది. ఇవి నిజమైన పనులు, కాదనను. కానీ ఇలాంటి ఒక్క పనికి పేపర్లో పటం దగ్గరే ఆగిపోయే ప్రతిపాదనలు ఎన్నో ఉంటాయి. మీ వాడు వాటిని కూడా ఉద్యోగాల లెక్కలో వేసుకుంటున్నాడు.

ప్రతిపాదన ఎక్కడ ఆగుతుందో తెలిస్తే అతనికే అర్థమవుతుంది. ముందు సాధ్యాసాధ్యాల నివేదిక, తర్వాత డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు నివేదిక), లైను వెళ్లే దారి సర్వే, టవర్ల దగ్గర మట్టి పరీక్ష, చివరికి టెండర్లు. టవర్‌కు కావలసిన జాగా చిన్నదే, కానీ రెండు టవర్ల మధ్య కేబిన్లు ఎవరి ఇళ్ల మీదుగా వెళ్తాయో వాళ్ల అభ్యంతరాలు పెద్దవి. గోల్కొండ కోట నుంచి కుతుబ్‌షాహీ సమాధులకు రోప్‌వే వేయాలన్న ఆలోచననే తీసుకోండి. గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. చట్టం ప్రకారం చుట్టూ 100 మీటర్లు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. స్టేషన్ ఎక్కడ పెట్టాలన్న దగ్గరే అసలు చిక్కంతా ఉంది. డీపీఆర్ దశలో పని దొరికేది ట్రాన్స్‌పోర్ట్ ప్లానర్లకు, సివిల్ వాళ్లకు. మెకానికల్ కుర్రాడికి ఆ దశలో పెద్దగా పనుండదు.

రెండో అనుమానం ఇంకా గట్టిది. గొండోలా నగర రవాణా అవుతుందా, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ల సరదాగా మిగులుతుందా? బొలీవియాలోని లా పాజ్‌లో 2014లో మొదలై ఇప్పుడు 10 లైన్లు, సుమారు 30 కిలోమీటర్లు నడుస్తున్నాయి. పైనున్న ఎల్ ఆల్టోకూ కిందనున్న లా పాజ్‌కూ మధ్య దాదాపు 400 మీటర్ల ఎత్తు తేడా ఉంది. మెలికల రోడ్ల మీద బస్సు తిరిగి తిరిగి వెళ్తుంటే కేబిన్ నేరుగా దిగిపోతుంది. కొలంబియాలోని మెడెయిన్‌లో 2004లో కొండమీది బస్తీని మెట్రోతో కలిపారు, అదీ నిలబడింది. రియో డి జనీరోలో 2011లో కొండ బస్తీల మీదుగా వేసిన లైను 2016లో ఆగిపోయింది. స్టేషన్లు కొండల నెత్తిన ఉండటంతో వాలులో ఉండేవాళ్లకు ఎక్కిదిగే బాధ తప్పలేదు, నిర్వహణకు డబ్బూ కరువైంది. లండన్‌లో థేమ్స్ మీద 2012లో తెరిచినదాన్ని ఎక్కువగా ఎక్కేది సందర్శకులే. కొండో లోయో నదో అడ్డం లేని చోట, చదునైన ఊళ్లో గొండోలాను బస్సుకు బదులుగా చూపించే ప్రతిపాదనను నేను నమ్మను.

మీ వాడితో ఈ చిన్న లెక్క చేయించండి. కేబిన్‌లో 10 మంది, గంటకు ఒక దిక్కుకు 3,000 మంది వెళ్లాలంటే 300 కేబిన్లు, అంటే 12 సెకన్లకు ఒకటి. తాడు వేగం సెకనుకు 6 మీటర్లయితే కేబిన్‌కూ కేబిన్‌కూ మధ్య 72 మీటర్లు. 3.75 కిలోమీటర్ల లైనుకు రానూ పోనూ తాడు 7.5 కిలోమీటర్లు కాబట్టి గాలిలోనే సుమారు 104 కేబిన్లు, స్టేషన్లలో తిరిగేవి వేరే. ఇంతా చేసి గంటకు 3,000 మంది అంటే హైదరాబాద్ మెట్రోలో మూడు బోగీల రైళ్లు నిండుగా మూడు. ఎంతమందికి సరిపోతుందో, ఎక్కడ సరిపోదో లెక్కే చెబుతుంది. ఇది చేతనైన విద్యార్థి వీడియోలకు మోసపోడు.

ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. ఒక లైనుకు ఇంజినీర్లు కొద్దిమందే కావాలి. స్టేషన్ సిబ్బందే ఎక్కువ. ప్రపంచంలో పెద్ద తయారీదార్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది: ఆస్ట్రియా డొపెల్‌మాయర్, ఇటలీ లైట్నర్, ఫ్రాన్స్ పోమా లాంటివి. మన దగ్గర దామోదర్ రోప్‌వేస్, ఉషా బ్రెకో వంటి పాత సంస్థలున్నాయి. ఏడాదికి వేలమందిని తీసుకునే రంగం కాదిది, వచ్చే పదేళ్లలో అవుతుందనీ నేను అనుకోను.

ఇక మిమ్మల్ని ఒక మాట అనాలి. ‘తాడుకు వేలాడే డబ్బాలు’ అని రాశారు. అదీ సింగరేణిలో పనిచేస్తూ! కార్మికులను కూర్చోబెట్టి దించే మ్యాన్‌రైడింగ్ చైర్‌లిఫ్ట్ ఉన్న గనుల్లో షిఫ్టు దిగేది తాడు మీదే కదా? బొగ్గు టబ్బులు లాగే హాలేజీ తాడులో తీగ తెగిందా, అరిగిందా అని చూసే మనిషి విలువ మీకు తెలిసినంతగా ఏ కెరీర్ కౌన్సిలర్‌కూ తెలియదు. అలాంటి మీరు కొడుకు ముందు ఆ పనిని తక్కువ చేసి మాట్లాడితే, అతను మిమ్మల్ని అడగడం మానేసి వీడియోలను అడుగుతాడు. కన్సల్టెన్సీ వాళ్లు లోపలికి వచ్చిందీ ఆ సందులోంచే. ఇంట్లోనే ఇంత అనుభవం పెట్టుకుని 24 లక్షల సలహా కోసం బయటికి వెళ్లడం నాకు బాధగా ఉంది.

ఈ పని దగ్గర్నుంచి ఎలా ఉంటుందో చూడండి. వారణాసి తరహా లైనులో మోసేదీ లాగేదీ ఒకటే తాడు. కేబిన్ స్టేషన్‌లోకి రాగానే, దాన్ని తాడుకు బిగించే పట్టు (గ్రిప్) తెరుచుకుని తాడును వదిలేస్తుంది. టైర్ల వరుస దాని వేగం తగ్గిస్తే జనం ఎక్కిదిగుతారు. మళ్లీ వేగం పెంచి తాడుతో సమానం చేశాక పట్టు బిగుసుకుంటుంది. స్ప్రింగు బిగువు చాలినంత ఉందో లేదో సెన్సర్ ప్రతిసారీ కొలుస్తుంది, తగ్గితే లైను దానంతట అదే ఆగిపోతుంది. తాడు రెండు కొసలను కలిపే అతుకు పొడవు యూరప్ ప్రమాణం ప్రకారం తాడు వ్యాసానికి కనీసం 1,200 రెట్లు. 50 మిల్లీమీటర్ల తాడుకు 60 మీటర్లన్నమాట. ఆరు పాయలనూ విప్పి, ఒక్కో పాయను ఒక్కో చోట లోపలికి దూర్చి, బయటికి ఉబ్బు కనపడకుండా అల్లాలి. కంటికి కనపడని లోపలి తీగలు తెగాయేమో అయస్కాంత పరీక్షతో చూస్తారు. పట్టు భాగాలను విప్పి పగుళ్ల కోసం పరీక్షిస్తారు.

ఇందులో తప్పు జరిగితే ఏమవుతుందో అతనికి దాచకండి. 2021 మేలో ఇటలీలోని మొత్తరోనే కొండ మీద లాగే తాడు తెగి 14 మంది చనిపోయారు. తాడు తెగినా కేబిన్‌ను పట్టి ఆపాల్సిన అత్యవసర బ్రేకును అంతకుముందే బిగింపులు పెట్టి పనిచేయకుండా చేశారు. అది ఊరికే పడుతూ సర్వీసు ఆగిపోతోందని. 2022 ఏప్రిల్ 10న జార్ఖండ్‌లోని దేవ్‌ఘర్ త్రికూట్ రోప్‌వేలో జనం గాలిలో చిక్కుకుపోతే హెలికాప్టర్లతో దించడం 12వ తేదీ దాకా సాగింది, ముగ్గురు ప్రాణాలు పోయాయి. టికెట్ల క్యూ ఎంత పొడవున్నా, పైనుంచి ఎవరు ఫోన్ చేసినా, ‘లైను ఆపుతున్నాను’ అని రాసి సంతకం పెట్టగలిగినవాడే ఈ పనికి పనికొస్తాడు.

చదువు విషయానికొస్తే, అర్బన్ మొబిలిటీ మాస్టర్స్ రవాణా ప్రణాళిక చదువు. మంచిదే, కానీ దానితో తాడు పని రాదు. ఆస్ట్రియాలో, స్విట్జర్లాండ్‌లో ఈ పనిని అప్రెంటిస్‌షిప్‌గా నేర్పుతారు. స్విస్ కోర్సు నాలుగేళ్లు, అక్కడి భాష రావాల్సిందే, చేరేవాళ్లు ఎక్కువగా స్కూలు అయిపోయిన పిల్లలు. ఇంజినీరింగ్ చదివినవాడు వెళ్లాలనుకుంటే మెకానికల్‌లోనే మాస్టర్స్ చూసుకోవాలి. ఆస్ట్రియా ప్రభుత్వ వర్సిటీల్లో చాలావాటిలో మనవాళ్లకు సెమిస్టర్ ఫీజు సుమారు 730 యూరోలే. ఖర్చంతా ఉండటానికీ తినడానికీ, కష్టమంతా జర్మన్‌కూ. కన్సల్టెన్సీ వాళ్లను రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగండి: ఈ కోర్సు చేసినవాళ్లు ఏ రోప్‌వే కంపెనీలో ఏ హోదాలో ఉన్నారు, కాలేజీ ల్యాబులో తాడు పరీక్షించే పరికరం ఉందా.

పోల్చమన్నారు కదా. సాఫ్ట్‌వేర్‌లో సీట్లు ఎక్కువ, పోటీ అంతకన్నా ఎక్కువ. మనసు లేకుండా వెళ్లిన మెకానికల్ విద్యార్థి అక్కడ వెనకే ఉంటాడు. మెట్రోలో నిర్వహణ ఉద్యోగాలు నిలకడైనవి, నోటిఫికేషన్ల మీద ఆధారపడి ఉంటాయి. రోప్‌వే చాలా ఇరుకు. కానీ దానికి కావలసిన నైపుణ్యం ఇరుకు కాదు, మీరు ధైర్యం తెచ్చుకోవలసింది ఇక్కడే. వైర్ రోప్ పరీక్ష, గేర్‌బాక్స్ వైబ్రేషన్, హైడ్రాలిక్ బ్రేకులు, సేఫ్టీ పీఎల్‌సీ (ప్రమాదం రాకుండా యంత్రాన్ని ఆపే కంట్రోల్ కంప్యూటర్) తెలిసినవాడిని గనులు, పోర్టు క్రేన్లు, లిఫ్టు కంపెనీలు, ఉక్కు కర్మాగారాలు, మెట్రో అన్నీ తీసుకుంటాయి. గొండోలా వస్తే ఇతను సిద్ధంగా ఉంటాడు, రాకపోయినా రోడ్డున పడడు.

కాబట్టి మిగిలిన మూడు సెమిస్టర్లలో ఇవి చేయనివ్వండి. ఈ వేసవికి మీ ఏరియా వర్క్‌షాపులోనో, చైర్‌లిఫ్ట్ ఉన్న గనిలోనో ఇంటర్న్‌షిప్‌కు కాలేజీ లెటర్‌తో దరఖాస్తు పెట్టించండి. మాగ్నెటిక్ పార్టికల్, అల్ట్రాసోనిక్ పరీక్షల్లో లెవెల్ 2 ఎన్‌డీటీ (భాగాన్ని పాడుచేయకుండా లోపాలు పట్టే పరీక్ష) సర్టిఫికెట్ తీసుకోమనండి. చివరి ఏడాది ప్రాజెక్టుగా తాడు అరుగుదలను తీసుకోవచ్చు. తీసేసిన తాడు ముక్క మీ దగ్గర దొరికినంత తేలిగ్గా ఇంకెక్కడా దొరకదు. వారానికి మూడు గంటలు జర్మన్ చాలు, అదీ అతనికి ఇష్టమైతేనే.

దరఖాస్తుకు ముందు ఇంకొకటి చూసుకోవాలి. లైను ఇంజినీర్ అంటే హార్నెస్ వేసుకుని 30 మీటర్ల టవర్ ఎక్కి, గాలికి ఊగుతూ కప్పీలకు గ్రీజు పట్టిందో లేదో చూడటం. ఎత్తుకు కళ్లు తిరిగేవాళ్లు, రంగులు సరిగా గుర్తుపట్టలేనివాళ్లు కొందరు ఉంటారు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. ఒక కంటి డాక్టర్‌కు చూపించండి. తర్వాత సరైన పరికరాలతో, శిక్షకుడి దగ్గర ఎత్తున పనిచేసే ఒకరోజు శిక్షణకు పంపండి. అది కుదరకపోతే డిజైన్, కంట్రోల్ గది, ఎన్‌డీటీ ల్యాబ్ వైపు మళ్లించవచ్చు, అవీ ఇదే రంగంలోని పనులే. ఎక్కి దిగాక ఏమనిపించిందో మీరే అడగండి, ఈసారి పూర్తిగా చెప్పనివ్వండి.