“శాంతమూర్తి” అని రాసుకున్నావటగా

చిట్టితల్లీ,

పాపకి ఐదో నెల నిండిందనీ, దాని తీరు ఎలాంటిదో రోజూ ఒక పుస్తకంలో రాస్తున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మురిసిపోయాను. మొదటి పేజీలోనే “శాంతమూర్తి, దేనికీ ఉలకదు” అని రాశావని విన్నాక మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు చిన్నవి. కడుపు నిండి, నిద్ర తీరినప్పుడే చూడు. టీకా వేయించిన 2 రోజులూ లెక్కలోకి రావు. “మొండిది”, “పిరికిది” అని రాయకు, ఏం చేసిందో రాయి. లాలపోస్తుంటే ఏడ్చిందంటే సరిపోదు. నూనె రాస్తున్నప్పుడా, తలమీద నీళ్లు పడ్డప్పుడా, తువ్వాలు చుట్టేలోపా? చివరిదైతే అది స్వభావం కాదు, చలి. కిటికీ మూసెయ్. రేపు ఉగ్గు మొదటి చెంచా ఉమ్మేస్తే “ఇష్టం లేదు” అని రాసేస్తావు, నాకు తెలుసు. అదే రుచి రోజులు మార్చి 8-10 సార్లు పెట్టాక అప్పుడు చెప్పు. 8-9 నెలలకి కొత్తవాళ్లని చూసి గుక్కపెట్టడం చాలామంది పిల్లలకి ఉండేదే. ఎంతసేపటికి తేరుకుంది, నీ భుజం మీంచి తొంగి చూసిందా లేదా, అది రాసుకో.

1956లో న్యూయార్క్‌లో థామస్, చెస్ అనే వైద్య దంపతులు పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టి, స్వభావాన్ని 9 అంశాలుగా విడదీశారు. నీకు మూడు చాలు: కొత్తదాన్ని చూసి ముందుకొస్తుందా వెనక్కి జంకుతుందా, ఎన్నాళ్లకి అలవాటు పడుతుంది, ఆకలీ నిద్రా వేళకొస్తాయా.

ఇక అసలు సంగతి. మీ చిన్నమామయ్యని ఇంటిల్లిపాదీ “బంగారుకొండ, పక్కన బిందె దొర్లినా కదలడు” అని మెచ్చుకున్నాం. అది నెమ్మది కాదు, చెవుడు. తెలిసేసరికి రెండేళ్లు దాటాయి. వాడూ నాలుగో నెలలో ఊఁ కొట్టాడు మరి. వినపడని పిల్లలూ మొదట్లో ఊఁ కొడతారు. “బాబాబా”, “తాతాతా” అని గుప్పించాల్సిన వేళకి వెనకబడతారు. తలుపు దభీమంటే ఉలిక్కిపడేవాడు, నేల అదురుకి. పిలిస్తే తిరిగేవాడు, మన నీడ చూసి. ప్రతిదానికీ ఒక సంజాయిషీ దొరికింది మాకు.

అందుకని ఆ మాట కొట్టేసి ఇలా చెయ్. ఫ్యాను, టీవీ ఆపు. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎదురుగా బొమ్మ చూపించు. మీ ఆయన వెనక ఒక పక్కన, మూరెడు దూరంలో, దాని కంటికి కనపడకుండా కూర్చుని కాగితం మెల్లగా నలపాలి. నీడ పడకూడదు, ఊపిరి తగలకూడదు. 6 నెలలకల్లా తల అటు తిప్పాలి. రెండోవైపూ చూడండి, ఒక చెవి బాగుంటే రెండోదాని లోపం ఇంట్లో ఎవరికీ తెలీదు. రెండువైపులా తిరిగిందని ఊరుకోకు. పుట్టినప్పుడు ఓఏఈ అనే వినికిడి పరీక్ష చేశారా, డిశ్చార్జి కాగితాల్లో వెతుకు. నిద్రలో నిమిషాల్లో అయిపోయే పరీక్ష. చెయ్యకపోతే ఈ వారమే వెళ్లు. తేడా వస్తే బెరా చేస్తారు, శబ్దానికి మెదడు స్పందిస్తోందా అని చూసే పరీక్ష. నెలలోపు పరీక్ష, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు చికిత్స మొదలవ్వాలని డాక్టర్ల లెక్క. నీకింకా నెల ఉంది.

భయపెట్టానా తల్లీ? తిట్టుకో, కానీ వెళ్లు. అంతా బాగుందంటే “శాంతమూర్తి” అని మళ్లీ పెద్దక్షరాలతో రాసుకో. రిపోర్టు ఫొటో మీ అమ్మకి కాదు, ముందు నాకు పంపు.

మీ పెద్దమ్మ