అక్కకు మాట వినపడే సౌండ్‌బార్ కొను

హనుమకొండ

బిడ్డా,

టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్, అదే సౌండ్‌బార్, ఏ కంపెనీది కొనమంటావు మామా అని అడిగావు. కంపెనీ సంగతి తర్వాత. వార్తల్లో, సీరియళ్లలో మాటలు అర్థం కావడం లేదని అక్క అంటోంది కాబట్టే కదా కొంటున్నావు, ఆ పని జరిగేది కొను. ఏళ్ల తరబడి టీవీలు, ఆంప్లిఫయర్లు రిపేరు చేసినవాణ్ని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

టీవీలు సన్నబడ్డాక స్పీకర్లకు ముందువైపు చోటు లేకుండా పోయింది. చాలా టీవీల్లో అవి కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. శబ్దం గోడకు తగిలి మన దాకా వచ్చేసరికి మాట మసకబారుతుంది. సౌండ్ పెంచితే మ్యూజిక్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. అయితే ఒకటి గమనించు. పక్కన కూర్చుని మాట్లాడినా అక్క మళ్లీ మళ్లీ అడుగుతుంటే, ముందు ఎంజీఎం ఆసుపత్రిలో చెవుల డాక్టరుకు చూపించు. సౌండ్‌బార్ ఆ తర్వాత.

పెట్టె మీద 2.1, 3.1, 5.1 అని ఉంటుంది. చుక్క తర్వాతి అంకె సబ్‌వూఫర్, అంటే బేస్‌ది. 2.1లో కుడి, ఎడమ మాత్రమే ఉంటాయి. 3.1లో మధ్యలో ఇంకో స్పీకర్ ఉంటుంది. 5.1లో వచ్చే సినిమాల్లో డైలాగులు ఎక్కువగా ఆ మధ్య స్పీకర్‌కే వస్తాయి. అందుకే నా ఓటు 3.1కి. మాటను ముందుకు తెచ్చే వాయిస్ మోడ్ ఉందో లేదో కూడా అడుగు. 5.1 తీసుకుంటే మామూలుగా వెనకాల పెట్టే స్పీకర్లకు కూడా ప్లగ్గులో వైర్లో కావాలి, ఆ ఇంట్లో అది కుదరదు.

శబ్దం పైనుంచి కూడా వచ్చినట్టు వినిపించే అట్మాస్ అని దుకాణంవాళ్లు ఊరిస్తారు. మామూలుగా సౌండ్‌బార్లలో అది శబ్దాన్ని పైకి కొట్టి, స్లాబు నుంచి కిందికి తెచ్చే పద్ధతి. పైకప్పు చదునుగా ఉండాలి. పరకాలలో మనది గూనపెంకుల ఇల్లు, దానికి పెట్టే పైసలు దండగ.

వాట్లు చూసి మోసపోకు. పీఎంపీఓ అని వేసే పెద్ద అంకెకు విలువ లేదు, ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవరు చెప్పే ఆర్‌ఎంఎస్ ఎంతో చూడు. అక్క కూర్చునే గదికి 100 వాట్ల ఆర్‌ఎంఎస్ ధారాళం.

నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకునేది వైరు. చాలా టీవీల వెనక, సెట్‌టాప్ బాక్సు వైరు పెట్టే హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉంటుంది, టీవీ శబ్దం బార్‌కు వెళ్లేది దాంట్లోంచే. బార్‌ను దానికే కలిపి, టీవీ సెట్టింగుల్లో సీఈసీ అనేది ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే సౌండ్ తగ్గుతుంది, పెరుగుతుంది. అక్క చేతిలో రెండు రిమోట్లు పెట్టావంటే వారం తిరక్కుండా బార్ మూలన పడుతుంది. ఏఆర్‌సీ లేకపోతే శబ్దాన్ని వెలుతురు రూపంలో పంపే ఆప్టికల్ వైరు వాడొచ్చు, మాట బాగానే వస్తుంది. బ్లూటూత్ మాత్రం వద్దు. పెదవులు ముందు కదిలి, మాట వెనకాల వచ్చే ఇబ్బంది అందులో ఎక్కువ.

దుకాణంలో దడదడలాడే డెమో పాట వినిపిస్తారు. దాన్ని ఆపించి, వార్తలు పెట్టమను. సౌండ్ బాగా తగ్గించి, నాలుగడుగులు వెనక్కి జరిగి విను. అప్పుడు మాట తేటగా ఉంటే ఆ బార్ పనికొస్తుంది. వీలైతే అక్కనే తీసుకెళ్లు, వినేది ఆమె కదా.

ఇంట్లో బార్‌ను షోకేసు అరలోకి నెట్టకు, ముందు అంచుకు పెట్టు. టీవీకి రిమోట్ సిగ్నల్ అందే చోటికి అడ్డం రాకూడదు. సబ్‌వూఫర్‌ను గది మూలకు పెడితే బేస్ గుమ్మని మాటను మింగేస్తుంది, కాస్త ఇవతలికి జరుపు. కింద బండలు కాబట్టి శబ్దం మోగుతుంది. కొత్తవాడ జంపఖానా ఒకటి తెచ్చి టీవీ ముందు పరువు. 2018లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, వచ్చిన మన వరంగల్ సరుకు, ఎలాగూ ఇంట్లో ఉండాల్సిందే.

కొనేముందు టీవీ వెనక భాగం ఫొటో తీసి పంపు. ఏఆర్‌సీ ఉందో లేదో నేను చూసి చెప్పాకే డబ్బు కట్టు.

మీ మామ