ఫ్రాక్చర్ల మీద పరిశోధన చేయదలచిన యువ సర్జన్‌కు

చిరంజీవికి ఆశీస్సులు.

అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరగానే పరిశోధన మొదలుపెట్టాలని ఉందనీ, పీజీల బోధనకే రోజంతా సరిపోతోందనీ రాశావు. ఆ రెండు పనులనూ విడదీయవద్దన్నదే నా సలహా. ట్రామా వార్డులో పీజీకి గాయాన్ని చూడడం సరిగ్గా నేర్పితే, పరిశోధనకు కావలసిన వివరాల్లో చాలా భాగం అక్కడే చేతికి అందుతుంది.

టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) విరిగి, పైన చర్మం కూడా చీలిన ఓపెన్ ఫ్రాక్చర్‌నే తీసుకో. ఆ ఎముక లోపలి వైపు చర్మం తప్ప కండ కప్పు లేదు కనుక, బైకు ప్రమాదంలో అది సులువుగా బయటపడుతుంది. ఇలాంటి గాయాల తీవ్రతను గ్రేడులుగా విభజించే 1976 నాటి గస్టిలో-ఆండర్సన్ వర్గీకరణను పీజీలందరూ అప్పజెబుతారు. గాయం ఒక సెంటీమీటరు లోపుంటే మొదటి గ్రేడని క్యాజువాలిటీలోనే రాసేస్తారు. అయితే 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో 245 మంది ఆర్థోపెడిక్ సర్జన్లకు అవే కేసులు చూపి గ్రేడు అడిగితే, వారి మధ్య ఏకాభిప్రాయం సగటున 60 శాతమే వచ్చింది. అందుచేత తుది గ్రేడును థియేటర్‌లో డెబ్రైడ్‌మెంట్ (మురికినీ చచ్చిన కండనూ తీసేయడం) అయ్యాకే రాయించు. కండ రంగెలా ఉంది, గట్టిగా ఉందా మెత్తబడిందా, ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే ముడుచుకుంటోందా, కోస్తే రక్తం వస్తోందా అన్నవి పీజీ తన మాటల్లో రాయాలి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. మరునాటి మీటింగులో ఆ ఫొటోలు చూపించి, ఎవరి గ్రేడు వారు చీటీ మీద రాశాకే చర్చ మొదలుపెట్టు. ప్రొఫెసర్ గారు ముందే నోరు విప్పితే అందరిదీ ఆయన గ్రేడే అవుతుంది. ఆ చీటీలను పారేయకు, అవీ పరిశోధన వివరాలే.

థీసిస్ అంశాల విషయంలో కొంచెం కఠినంగా ఉండు. ఎముకలో వేసే ఫలానా నెయిల్‌తో వచ్చిన ఫలితాలంటూ ఏటా కొద్దిపాటి కేసులతో రాసే థీసిస్‌లు, నిజం చెప్పాలంటే, పరీక్షకు తప్ప దేనికీ పనికిరావు. ఓపెన్ ఫ్రాక్చర్‌ను సబ్బు ద్రావణంతో కడగాలా, ఉత్త సెలైన్‌తోనా అన్నది తేల్చడానికి ‘ఫ్లో’ ట్రయల్‌లో మన దేశంతో సహా అయిదు దేశాల నుంచి 2,447 మంది రోగుల ఫలితాలను పరిశీలించవలసి వచ్చింది. సబ్బు వాడినవారికే మళ్లీ ఆపరేషన్ ఎక్కువగా అవసరమైందని 2015లో తేలింది. కాబట్టి బ్యాచ్‌కొక కొత్త అంశం ఇవ్వకుండా, ఒకే ప్రొఫార్మాతో (కేసు వివరాలు నింపే ఫారంతో) ఒకే ప్రశ్నను వరుస బ్యాచ్‌ల చేత కొనసాగించు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఎలాగూ తీసుకుంటావు. రెండు చికిత్సలను పోల్చే ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే, మన దేశపు క్లినికల్ ట్రయళ్ల రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదు చేయించు.

అన్నిటికంటే కష్టమైనది ఏడాది పాటు రోగి ఆచూకీ తప్పిపోకుండా చూసుకోవడం. డిశ్చార్జి నాడే అతని ఫోన్ నంబరుతో పాటు ఇంట్లో మరొకరిదీ, ఊళ్లో బంధువుదీ రాయించు. మీ రాయలసీమలో రానివారిలో కొందరు పుత్తూరు కట్టుకు (విరిగిన ఎముకలకు వేసే నాటు కట్టుకు) వెళ్లి ఉంటారు. తిరిగి వచ్చినప్పుడు మందలిస్తే మళ్లీ గడప తొక్కరు. ఏమీ అనకుండా రెండు ఎక్స్‌రేలు తీయించి, ఆపరేషన్‌లో పాల్గొనని పీజీ చేత ఎముక ఎంత అతికిందో చెప్పే రస్ట్ స్కోరు వేయించు. ఎముక నాలుగు అంచులకూ 1 నుంచి 3 చొప్పున మార్కులు వేస్తే మొత్తం 4 నుంచి 12 దాకా వస్తుంది. రానివారిని లెక్క నుంచి తప్పిస్తే, చీముపట్టి వేరే ఆసుపత్రికి వెళ్లినవారు కూడా లెక్కలోకి రాక, నీ ఫలితాలు ఉన్నదానికంటే బాగా కనబడతాయి.

ప్రొఫార్మా సిద్ధం కాగానే నాకు పంపు. అది ఒక్క పేజీ దాటకూడదు. దాటితే రాత్రి డ్యూటీలో ఉన్న పీజీ నింపడు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి