హీరోయిన్ల చీరల మీద అభిప్రాయాలు రాస్తే కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మాది చీరాల. బట్టల షాపు ఉంది. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టి, ఏ హీరోయిన్ ఏ ఫంక్షన్‌కి ఏం కట్టుకుంది, ఏది బాగుంది, ఏది బాగాలేదు అని రాస్తోందని సెలవుల్లో తెలిసింది. ఫోన్ తీసేసుకున్నాను. ఇంజినీరింగ్ వద్దు, నిఫ్ట్‌కి (కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ) వెళ్తానంటోంది. ఇది మోజా, కెరీరా? నిఫ్ట్‌లో ఫ్యాషన్ డిజైన్, ఫ్యాషన్ కమ్యూనికేషన్, లేదా మామూలు డిగ్రీ చేసి జర్నలిజం, ఈ మూడింటిలో ఏది నయమో పోల్చి చెప్పండి. ఎవరెవరో కింద కామెంట్లు పెడుతున్నారు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇవన్నీ ఎవరి కంటైనా పడితే? పేజీ స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను, మీరే చూడండి.

జవాబు: స్క్రీన్‌షాట్లన్నీ చదివాను. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకరు మేకప్ అంటారు, ఒకరు రీల్స్ అంటారు, ఇంకొకరు స్టైలిస్ట్ అంటారు. అడిగేది కోర్సు గురించే, భయం మాత్రం వేరే ఉంటుంది. ఆడపిల్ల నలుగురి కంట్లో పడుతోందన్నది ఒక భయం. ఇంజినీరింగ్ అనే తెలిసిన దారి వదిలేస్తే రేపు చేతిలో ఏమీ మిగలదేమోనన్నది రెండోది. కోర్సుల పోలిక చెబుతాను కానీ ముందు ఈ రెండూ మాట్లాడుకోవాలి.

మీరు తప్పుకు సాక్ష్యంగా పంపిన స్క్రీన్‌షాట్లలో ఒకటి నేను రెండుసార్లు చదివాను. ఒక హీరోయిన్ కట్టిన చీరను అందరూ గద్వాల అని రాస్తుంటే, మీ అమ్మాయి కాదేమో అంది. కారణం కూడా రాసింది. గద్వాల చీరలో ఒంటికి ఒక పేక (అడ్డంగా నడిచే పోగు), అంచుకు మరో పేక నడిపించి రెంటినీ మగ్గం మీదే కలుపుతారు. అందుకే అంచు రంగు శుద్ధంగా ఉంటుంది. ఈ ఫొటోలో ఎర్రటి అంచులోకి చీర ఒంటి ఆకుపచ్చ కలిసి మట్టి రంగు తేలింది, అంటే ఒకే పేక ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెళ్లినట్టుంది అని రాసింది. కింద ఇంకో మాట: "ఫొటో చూసి చెబుతున్నా, చేత్తో పట్టుకుంటే గానీ ఖాయంగా చెప్పలేను."

పదిహేడేళ్ల పిల్ల ఇది ఎక్కడ నేర్చుకుంది? ఎంపీసీ సిలబస్‌లో లేదు. మీ షాపులో, మీ పక్కన కూర్చుని, మీరు కొనేవాళ్లకు చీర తిరగేసి చూపిస్తుంటే విని నేర్చుకుంది. మీరు రోజంతా చేసే పనే అది. బట్ట మంచిచెడ్డలు చెప్పి ఇల్లు నడిపే తండ్రికి, కూతురు బట్ట మంచిచెడ్డలు రాస్తే నామోషీ ఎందుకైంది? ఆ పోస్టు మీరు చదివారా, లేక హీరోయిన్ ఫొటో కనపడగానే ఫోన్ లాక్కున్నారా? చదివి ఉంటే ఈ ప్రశ్న ఇంకోలా అడిగేవారనిపిస్తోంది. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా చెప్పక తప్పదు.

అలాగని అన్నీ వెనకేసుకు రాను. రెండు మూడు చోట్ల ఒక హీరోయిన్ లావైందని, ఇంకొకామెకు ఆ వయసులో ఆ బ్లౌజేంటని రాసింది. అవి తప్పు. కుట్టు గురించి, రంగు గురించి, సందర్భానికి తగ్గిందా లేదా అన్నదాని గురించి ఎంత ఘాటుగా రాసినా నాకు అభ్యంతరం లేదు. మనిషి ఒళ్లు గురించి రాయడానికి ఎవరికీ హక్కు లేదు. మీరు కోప్పడాల్సింది ఉంటే ఆ పోస్టుల గురించే. పేజీ మొత్తం గురించి కోప్పడితే ఏది తప్పో, ఏది ఒప్పో ఆ పిల్లకు ఎప్పటికీ తెలియదు.

ఇక అసలు విషయం. నచ్చింది, నచ్చలేదు అనడం పని కాదు. అందులో మీ అనుమానం న్యాయమైనదే. 2023 ఆస్కార్ వేడుకకు జూనియర్ ఎన్టీఆర్ నల్ల వెల్వెట్ బంద్‌గలా (మెడ దాకా గుండీలుండే కోటు) వేసుకున్నారు, భుజం మీద బంగారు రంగు పులి. గౌరవ్ గుప్తా డిజైన్. "సూపర్" అని ఆ రోజు లక్షల మంది రాశారు, ఆ మాటకు జీతం ఎవరూ ఇవ్వరు. ఆ వేదిక మీద అందరూ సూట్లు వేసుకుంటారు కదా, మనవాళ్లు బంద్‌గలా ఎందుకు ఎంచుకుంటారు? ఆ పులికి ఆర్ఆర్ఆర్ సినిమాతో ఏం సంబంధం? వెల్వెట్ మీద జరీ పని కెమెరా లైట్లకు ఎలా కనిపిస్తుంది? ఇవి వివరించగలిగితే చదివేవాళ్లుంటారు, డబ్బిచ్చి రాయించుకునేవాళ్లూ ఉంటారు. 2006లో అమెరికా పత్రిక వాషింగ్టన్ పోస్ట్‌లో ఫ్యాషన్ మీద రాసే రాబిన్ గివాన్‌కు విమర్శ విభాగంలో పులిట్జర్ బహుమతి ఇచ్చారు, అక్కడ పత్రికల్లో రాసేవాళ్లకు అది పెద్ద గౌరవం. ఫ్యాషన్ రాతలకు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. ఆమె చదివింది డిజైనింగ్ కాదు, ఇంగ్లిష్ సాహిత్యం, ఆ తర్వాత జర్నలిజం.

మన దేశంలోనే చూడండి. భాను అథైయా కొల్హాపూర్ అమ్మాయి. ముంబైలో జేజే ఆర్ట్ స్కూల్లో చదివి, ఈవ్స్ వీక్లీ అనే ఆడవాళ్ల పత్రికకు ఫ్యాషన్ బొమ్మలు వేసేది. పత్రిక ఎడిటర్ బొటీక్ పెట్టినప్పుడు, వేసే బొమ్మల్ని బట్టలుగా కుట్టించి చూడమంటే మొదలైంది ఆ ప్రయాణం. 1983లో గాంధీ సినిమాకు జాన్ మొల్లోతో కలిసి ఆస్కార్ అందుకుంది, భారతీయుల్లో మొదటి ఆస్కార్ ఆమెదే. మన దగ్గర మహానటి సినిమాకు కాస్ట్యూమ్స్‌లో జాతీయ అవార్డు వచ్చింది, అందుకున్న వాళ్లలో హైదరాబాద్ నుంచి పనిచేసే గౌరంగ్ షా ఒకరు. ఆయన పేరు చెబితే మొదట గుర్తొచ్చేది మగ్గం మీదే బుటాలు తేల్చే జాందానీ నేత. మీ అమ్మాయికి వీళ్ల స్థాయి వస్తుందని నేను మాటివ్వడం లేదు. బట్ట తెలిసిన మనిషికి ఈ రంగంలో చోటుందని మాత్రం చెబుతున్నాను.

ఇప్పుడు నాకు నిజంగా అనుమానాలున్న దారి గురించి చెబుతాను. పిల్లలు నిఫ్ట్ అంటున్నా చాలామంది మనసులో ఉండేది ఇన్‌ఫ్లుయెన్సర్, లేదంటే సెలబ్రిటీ స్టైలిస్ట్. మీ అమ్మాయి ఆ మాట అనలేదు. అయినా ఏదో ఒకరోజు అంటుంది.

ఇన్‌ఫ్లుయెన్సర్ అంటే ముందు ఎవరో ఒక డ్రెస్ ఉచితంగా పంపుతారు. పోస్టు పెట్టమంటారు. తర్వాత డబ్బులిస్తారు. అక్కడి నుంచి నీ అభిప్రాయం నీది కాదు. డబ్బు తీసుకుని పెట్టే పోస్టులో అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కి 2021లోనే నిబంధనలు తెచ్చింది. పాటించేవాళ్లున్నారు, పాటించనివాళ్లూ ఉన్నారు. మీ అమ్మాయి గద్వాల గురించి రాసిన ఆ పోస్టు, అదే చీర అమ్మే షాపు నుంచి డబ్బు తీసుకున్నాక రాయగలదా? నాకు బెంగ అక్కడే. పైగా ఆ వేదిక మనది కాదు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, దాని మీదే బతుకుతున్న పిల్లలకు తెల్లారేసరికి వీడియోలూ లేవు, చూసేవాళ్లూ లేరు. చేతిలో చదువో, పనో ఉన్నవాళ్లు ఇంకోచోట మొదలుపెట్టుకున్నారు. లేనివాళ్ల అమ్మానాన్నలు నాలాంటి వాళ్ల దగ్గరికి వచ్చారు.

స్టైలిస్ట్ పని బయటికి కనిపించేంత తళుకుగా ఉండదు. హీరోయిన్ వేసుకునే డ్రెస్సుల్లో చాలావరకు డిజైనర్ దగ్గర్నుంచి అరువు తెచ్చినవే. తేవడం, ఇస్త్రీ చేయించడం, నడుము దగ్గర వదులైతే వెనక పిన్నులు పెట్టి బిగించడం, మరక పడకుండా కాపాడటం, మర్నాడు లెక్క చూసి తిరిగి ఇవ్వడం, ఇవన్నీ చేసేది అసిస్టెంట్. మొదటి ఏళ్లు ఆ పనే. చాలాచోట్ల జీతం పేరుకే ఉంటుంది, కొన్నిచోట్ల అదీ ఉండదు. టైము ఉండదు. రాత్రి షూటింగ్ అయితే ఇంటికెలా చేరుకుంటావని అడిగేవాళ్లూ ఉండరు. ఇంతా చేసి, ఏ డ్రెస్ వేసుకోవాలన్న ఆఖరి మాట స్టైలిస్ట్‌ది కాకపోవచ్చు. హీరోయిన్ అమ్మగారిది కావచ్చు, బ్రాండ్‌ది కావచ్చు. సొంత అభిప్రాయం గట్టిగా ఉన్న పిల్లకు ఇది మింగుడు పడటం కష్టం. ఇష్టపడి, కింది నుంచి ఎదిగి, బాగా సంపాదిస్తున్నవాళ్లు లేరని కాదు. ముంబైలో, హైదరాబాద్‌లో ఉన్నారు. అయితే అద్దెకు, తిండికి రెండు మూడేళ్లు ఇంటి నుంచి డబ్బు వచ్చే పిల్లలే ఆ తొలిరోజులు తట్టుకోగలుగుతున్నారు. మీరు ఆ ఖర్చుకు సిద్ధమా? ఈ ప్రశ్న ఇప్పుడే అమ్మాయి ముందు పెట్టి మాట్లాడుకోండి.

హీరోహీరోయిన్ల ఫొటోలు గోడ నిండా అంటించిన ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లతో ఇంకా జాగ్రత్త. ఇచ్చేది డిగ్రీయా, డిప్లొమానా, డిగ్రీ అయితే ఏ యూనివర్సిటీ ఇస్తుంది, కాగితం మీద రాయించుకోండి. నోటిమాట నమ్మి ఫీజు కట్టకండి.

పోలిక సంగతి. ఫ్యాషన్ డిజైన్‌లో చేతిపని ఎక్కువ: ప్యాటర్న్ గీయడం, కత్తిరించడం, కుట్టడం. మీ అమ్మాయి పోస్టులు చూస్తే చూసే కన్ను, రాసే చెయ్యి కనిపిస్తున్నాయి. కుట్టే ఆసక్తి ఉందో లేదో నాకు తెలియలేదు. పరీక్షలయ్యాక మీకు తెలిసిన టైలర్ దగ్గర కొన్నాళ్లు కూర్చోబెట్టండి. పాత లైనింగ్ బ్లౌజ్ ఒకటి ఇచ్చి కుట్లన్నీ విప్పమనండి. ముందు ముక్కలు, వీపు, చేతులు, నడుము పట్టీ విడివిడిగా పరిచి, డాట్ (బట్టను మడిచి వేసే కుట్టు) ఎక్కడ పడితే ఛాతీ దగ్గర బట్ట సరిగ్గా కూర్చుంటుందో చూసి, మళ్లీ కుట్టమనండి. విసుగొస్తే డిజైన్ ఆమె కోర్సు కాదు. అన్నం మర్చిపోయి కూర్చుంటే డిజైన్ గురించి ఆలోచించండి.

నా లెక్కలో ఆమెకు దగ్గరగా ఉన్నది ఫ్యాషన్ కమ్యూనికేషన్. ఫొటోగ్రఫీ, గ్రాఫిక్స్, స్టైలింగ్, షోరూమ్ డిస్‌ప్లే, రాయడం అన్నీ అందులో ఉంటాయి. మాదాపూర్‌లోని నిఫ్ట్ హైదరాబాద్ క్యాంపస్‌లో ఉంది. అయితే నిఫ్ట్‌లో నాలుగేళ్ల ఫీజులు పది లక్షలు దాటుతాయి, హాస్టల్, మెటీరియల్ వేరు. అప్పు చేసి కట్టాల్సి వస్తే డిగ్రీలో ఇంగ్లిష్ తీసుకుని, ఆ తర్వాత మంచి యూనివర్సిటీలో జర్నలిజం పీజీ చేయడం తక్కువేమీ కాదు. ఆ దారిలో బట్ట గురించి నేర్పేవాళ్లు ఉండరు, ఆమెకు మీరున్నారు. ఎంపీసీ చదివింది కాబట్టి నిఫ్ట్‌లోనే బీఎఫ్‌టెక్ (బ్యాచిలర్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) కూడా రాయొచ్చు. అది గార్మెంట్ ఉత్పత్తి వైపు వెళ్లే కోర్సు, ఉద్యోగం తొందరగా కావాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. మీ అమ్మాయికి సరిపోతుందని మాత్రం అనుకోను. ఇంజినీరింగ్ సీటు చేతిలో పెట్టుకుని నిఫ్ట్ కూడా రాస్తే తప్పేముంది అని చాలామంది అడుగుతారు. తప్పేం లేదు, రాయనివ్వండి. ఈసారి నిఫ్ట్ రాకపోతే డిగ్రీలో చేరొచ్చు. ఏడాది పోయిందని ఇంట్లో ఏడుపులు అక్కర్లేదు.

కామెంట్ల గురించి మీ భయం వట్టిది కాదు. నేనూ చదివాను, కొన్ని అసహ్యంగా ఉన్నాయి. దానికి మందు పేజీ మూయడం కాదు. ఆమె ఫొటో, పేరు, కాలేజీ, ఊరు పేజీలో ఎక్కడా ఉండకూడదు. ముక్కూముఖం తెలియనివాళ్ల మెసేజ్‌లు రాకుండా సెట్టింగ్స్ మార్చండి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మార్చండి. ఇన్‌స్టాగ్రామ్‌లో డైట్ సబ్య అనే పేజీ 2018లో మొదలైంది. ఏ డిజైనర్ ఎవరిని కాపీ కొట్టాడో పక్కపక్కన ఫొటోలు పెట్టి చూపిస్తుంది. నడిపేవాళ్లు ముఖం చూపించకుండా మొదలుపెట్టినదే, పెద్ద పెద్ద డిజైనర్లు కూడా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. మాటకు బలం ఉంటే ముఖం అవసరం లేదు.

ఫోన్ మాత్రం పబ్లిక్ పరీక్షలయ్యేదాకా మీ దగ్గరే ఉంచండి, అందులో మీతో గొడవ పడను. పరీక్షలయిన రోజు తిరిగి ఇచ్చేయండి. ఈలోగా మీ షాపుకు కొత్త సరుకు వచ్చినప్పుడు ఆమె ఇంటి దగ్గరుంటే పిలవండి. పోచంపల్లి పేరుతో వచ్చిన ప్రింటు ఏదో, చిటికి కట్టి (నూలుకు ముడులు కట్టి రంగులద్ది) నేసిందేదో రెండు వైపులా తిప్పి చూపించండి. మంగళగిరి, ఉప్పాడ, వెంకటగిరి నేతల తేడాలు మీకు తెలిసినంత ఆమెకు చెప్పండి. ఏ కాలేజీలోనూ అంత సరుకు ఒక్కచోట దొరకదు.

ఇక పెళ్లి సంబంధాల మాట. అమ్మాయికి ఇప్పుడు పదిహేడేళ్లు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను, మీరూ దాన్ని లెక్కలోకి తీసుకుని కోర్సు ఎంచకండి. ఈ ఆదివారం హాస్టల్‌కి వెళ్లి ఆ గద్వాల పోస్టు గురించి ఆమెతో మాట్లాడండి. అంచు రంగు గురించి ఆమె చెప్పింది సరైనదా కాదా అన్నది మీకు నాకన్నా బాగా తెలుసు.